గోదావరీ తీరపు చరిత్రకు సాక్ష్యములెక్కడ?

ఒక సీమ చరిత్రను విద్యార్థులకు బోధింపబూనినప్పుడు రాజుల పేర్లను, యుద్ధములు జరిగిన సంవత్సరములను వల్లెవేయించుట ఒక పద్ధతి. ఆ పేర్లును ఆ సంవత్సరములును మనకెట్లు తెలిసినవో, ఏ శిల, ఏ నాణెము, ఏ కాగితము, ఏ గాయకుని కంఠము వానిని మనదాక చేర్చినవో చూపి, ఆ సాక్ష్యమును విద్యార్థులచేతనే పరీక్షింపజేయుట రెండవ పద్ధతి. ఈ రెండవ పద్ధతికి కావలసిన సామగ్రి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో సమృద్ధిగా నున్నది. శాతవాహనులకు ముందటి నాణెములు, తెలుగు కందపద్యమును మోసిన కొండబండ, బౌద్ధస్తూపపు ఫలకములు, గోండుల కులగాథలు, ఒక లిపి సమస్తమును దాచియుంచిన పల్లె, ఇవన్నియు గోదావరికి ఇరువైపుల ఈ రెండు జిల్లాలలోనే యున్నవి. అయితే వీనిలో అధికభాగము పుట్టినచోట నిలువలేదు. కొంత హైదరాబాదు చేరినది. కొంత కలకత్తా చేరినది. కొంత సముద్రములు దాటి లండను చేరినది. కొంత నేటికిని పొలముగట్లపైనను కొండచరియలపైనను ఎండకెండి వానకు తడియుచున్నది. కావున ఈ సీమలో చరిత్రబోధనమనగా, చెదరిన సాక్ష్యములను వాని జన్మభూమి బిడ్డల కన్నులయెదుటికి మరల దెచ్చుటయే యని నా దృఢవిశ్వాసము. 2016లో ఈ జిల్లాలు పెక్కు చిన్న జిల్లాలుగా విభక్తములైనను, ఈ వ్యాసమున పాత యెల్లలనే గ్రహించితిని.

ఈ సాక్ష్యముల సేకరణకును ఒక చరిత్ర కలదు. నిజాం రాష్ట్రమున పురావస్తుశాఖ 1914లో ఏర్పడెను. దాని తొలి అధిపతియైన గులాం యాజ్దానీ మహాపండితుడు. అజంతా చిత్రముల రక్షణకును, వాని ప్రకటనకును ఆయన చేసిన సేవ లోకవిదితము. 1930లో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో మ్యూజియము వెలసెను. కాని తెలుగు జిల్లాల పల్లెలలో దేవాలయప్రాంగణములందు, చెరువుకట్టలయందు పడియున్న వందలకొలది శాసనములను వెదకి, చదివి, అచ్చొత్తించు పని ప్రభుత్వమొక్కటియే చేయజాలినది కాదు. ఆ పనికి పూనుకొన్నవారిలో అగ్రగణ్యమైనది లక్ష్మణరాయ పరిశోధక మండలి. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో దివంగతులైన పిదప వారి పేర వెలసిన ఆ సంస్థకు ఆదిరాజు వీరభద్రరావు కార్యదర్శిగా ప్రాణము పోసిరి. 1935లో తెలంగాణా శాసనముల తొలి సంపుటము వెలువడెను. తమ భాషకు రాజాదరము కొఱవడి, పాఠశాలలయందు సైతము దానికి చోటు దుర్లభమైన దినములలో, కొందఱు గృహస్థులు చందాలు పోగుచేసి శాసనములను ముద్రింపజేసిరన్నచో, చరిత్రసాక్ష్యమును కాపాడుకొనుట వారికి ఆత్మగౌరవరక్షణముతో సమానమైయుండెనని గ్రహింపవలెను. నాలుగు దశాబ్దములకు పిమ్మట, 1974లో, పి. వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వమున కరీంనగర్ జిల్లా శాసనసంపుటమును ప్రభుత్వము ప్రకటించెను. ఈనాడు జిల్లాలోని యే యుపాధ్యాయుడైనను తన యూరి పేరును ఆ గ్రంథమున వెదకి, తన పాఠశాలకు సమీపమున నున్న శాసనమును గుర్తింపవచ్చును.

శాసనము చేతికందగానే పాఠము ముగియదు; అక్కడనే మొదలగును. కాకతి రుద్రదేవుని 1163వ సంవత్సరపు అనుమకొండ శాసనమును గ్రహింతము. అందు రుద్రదేవుడు జయించిన సామంతుల పేర్లలో మేడరాజును, దొమ్మరాజును కలరు. మేడరాజు పొలవాసకు ప్రభువు; అది జగిత్యాల ప్రాంతపు నేటి పొలాసయే. దొమ్మరాజు కరీంనగరమునకు సమీపమున నున్న నగునూరు ప్రభువు. అనుమకొండ శాసనమును చదివినవానికి వీరిరువురును ఓటమికై పుట్టినవారివలె తోతురు. ఏలయన ఆ ప్రశస్తి గెలిచినవాని వాక్కు. నగునూరి కోటలో శిథిలమై నిలచిన శిల్పమయ దేవాలయముల నడుమ విద్యార్థులను నిలిపి, ఓడినవాని రాజధాని యెట్టిదో చూపి, పిదప గెలిచినవాని శాసనమును చదివించినచో, సాక్ష్యమును నమ్ముటకు ముందు అది యెవరి సాక్ష్యమో విచారింపవలెనను సూత్రము వారికి ఆజన్మాంతము గుర్తుండును.

గంగాధర మండలమున కురిక్యాల సమీపమున బొమ్మలగుట్ట యను కొండ కలదు. దానిపై చక్రేశ్వరీదేవి విగ్రహమును, జినమూర్తులును ఱాతిపై మలచబడినవి. వాని సమీపముననే సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నొక శాసనము చెక్కబడియున్నది. దానిని వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ సాహిత్యమున ఆదికవిగా పూజింపబడు పంపకవికి తమ్ముడు. ఆ కాలమున వేములవాడను రాజధానిగా జేసికొని యేలుచుండిన చాళుక్యప్రభువు రెండవ అరికేసరి పంపకవికి ఆశ్రయమిచ్చినవాడు. పదవ శతాబ్ది నడిమిభాగమున, అనగా నన్నయభట్టారకునికి నూరేండ్ల ముందుగా, ఈ శిలపై మూడు తెలుగు కందపద్యములు వెలసినవి. 2008లో తెలుగునకు ప్రాచీనభాషాప్రతిపత్తి లభించుటకు ముందు పండితులు జరిపిన వాదములయందు ఈ శాసనము ప్రముఖసాక్ష్యముగా నిలచినది. ఇంతటి శిల యున్నచోట కన్నడకవి కుటుంబమును, తెలుగు ఛందస్సును, జైనధర్మమును, చాళుక్యరాజ్యమును వేర్వేరు పాఠములుగా విడదీసి చెప్పుట దేనికి? ఆ నాలుగును ఒకే బండపై నొకే యుదయమున చూడదగియున్నవి. భాషలు నేడు రాష్ట్రములకు సరిహద్దులైనను, వేయేండ్ల క్రిందట ఒక గృహముననే అన్నియు వ్యవహారమునందుండెనని ఈ కొండ తెలుపుచున్నది.

ఇంకను వెనుకకు పోయినచో పెద్దవాగు గోదావరిలో గలియుచోట కోటిలింగాల కలదు. అక్కడ వానలకు నేల కోతపడినప్పుడు బయల్పడు చిన్న రాగినాణెములను, సీసపు బిళ్లలను ధర్మపురివాసియగు సంగనభట్ల నరహరిశర్మ సేకరించి పండితుల దృష్టికి దెచ్చిరి. పరబ్రహ్మశాస్త్రి వానిపైనున్న బ్రాహ్మీలిపిని చదువగా గోబద, నారన, కంవాయసిరి, సమగోప అను రాజుల పేర్లు వెల్లడియైనవి. పురాణముల రాజావళులలో గానరాని ఈ పేర్లు శాతవాహనులకు ముందు ఈ తీరమున స్వతంత్రులైన ప్రభువులుండిరని ఋజువుచేసినవి. ఆ నాణెములతోపాటు శాతవాహనవంశకర్తయైన సిముకుని పేర నాణెములును దొరకెను. 1979 నుండి కొన్నియేండ్లపాటు వి. వి. కృష్ణశాస్త్రి నాయకత్వమున పురావస్తుశాఖ అచట త్రవ్వకములు జరిపినది. అంతకుముందు సిముకుడు పురాణములవలనను, మహారాష్ట్రమందలి నానాఘాటు గుహలోని పేరువలనను మాత్రమే తెలిసినవాడు. శాతవాహనుల ఉదయము పశ్చిమమున పైఠాను పరిసరములలోనా, లేక తెలంగాణములోనా యను వాదమునకు ఈ నాణెములు క్రొత్తబలము నొసగినవి. ఆ వాదము పండితులలో నేటికిని సాగుచున్నది. అది బోధనకు ఆటంకము గాదు, పైపెచ్చు వరము. తీర్పు చెప్పబడిన విషయమును విద్యార్థి కంఠస్థము చేయును. తీర్పు నడచుచున్న విషయమున తానును పాల్గొనును. నాణెము చేతినుండి చేతికి పోవునది గదా, అది దొరకినచోట రాజు ఏలెననుట ఎంతవరకు యుక్తము? ఒక్కచోటనే తొలిరాజుల నాణెములు పెక్కు దొరకినప్పుడు ఆ సందేహమునకు సమాధానమేమి? ఎనిమిదవ తరగతి బాలుడైనను ఈ ప్రశ్నలను చర్చింపగలడు.

పెద్దపల్లి పరిసరములందలి ధూళికట్ట, పెద్దబంకూరులు ఇట్టివే. ధూళికట్టలో మట్టికోటయు, బౌద్ధస్తూపమును 1970 తరువాతి త్రవ్వకములలో బయల్పడినవి. స్తూపమును చుట్టియుండిన సున్నపుఱాతి ఫలకములపై పడగలు విప్పిన ముచిలింద నాగము కలదు. బుద్ధుని మానవరూపమున మలచుట యింకను ఆచారము గాని తొలికాలపు భక్తి ఆ ఫలకములయందు గోచరించును. పెద్దబంకూరులో ఇటుకయిండ్లు, కాల్చినమట్టి యొరలతో గట్టిన బావులు, కమ్మరి కొలిమి, వేలకొలది శాతవాహన నాణెములు దొరకెను. ఆంధ్రులకు ప్రాకారములుగల పట్టణములు ముప్పది కలవని రోమకపండితుడైన ప్లినీ వ్రాసినమాటను మన గ్రంథకర్తలు తఱచుగా స్మరింతురు. ఆ వాక్యమును చదివించి, వెంటనే ధూళికట్ట మట్టిగోడను చూపింపగలిగిన ఉపాధ్యాయుడు ధన్యుడు. కాలము మాత్రము ఎల్లప్పుడును మనకొఱకు వేచియుండదు. ఎల్లంపల్లి జలాశయపు నీరు నేడు కోటిలింగాల తీరమును చేరినది. నేల తనలోని సాక్ష్యమును ఒక్కసారియే అప్పగించును. త్రవ్వినవాడు దానిని వ్రాసియుంచనిచోను, త్రవ్వకమునుపే అది మునిగినచోను మరల దానిని పొందుట అసాధ్యము.

ఈ త్రవ్వకముల ఫలములను జిల్లాలోనే యుంచవలెనను సద్బుద్ధితో కరీంనగరమున గాంధీ శతజయంతి పేర మ్యూజియము వెలసినది. హైదరాబాదు మ్యూజియము మహత్తరమైనదే. కాని చొప్పదండి బాలిక తన యూరిదగ్గఱ దొరకిన వస్తువును చూచుటకై రాజధానికి పోవలసియుండుట న్యాయము గాదు. జిల్లా మ్యూజియము యొక్క ప్రయోజనమంతయు ఈ సామీప్యముననే కలదు. అక్కడి ప్రతివస్తువు ప్రక్కనను దాని పేరు, కాలముతోపాటు అది దొరకిన పల్లె, దొరకిన లోతు, దానితో గలిసి దొరకిన యితర వస్తువులు సరళమైన తెలుగులో వ్రాయబడియుండవలెను. దొరకినచోటు తెలియని నాణెము అంగడిలో వెలగలది కావచ్చును. చరిత్రకు మాత్రమది సగము మూగ.

రాజులతోడనే చరిత్ర ముగియదు. ఉత్తర తెలంగాణపు పల్లెలలో ఇనుము కరగించినచోట్ల చిట్టెపు గుట్టలు నేటికిని కానవచ్చును. పక్కనున్న నిజామాబాదు జిల్లా కోనసముద్రపు ఉక్కును గూర్చి పందొమ్మిదవ శతాబ్దిలో వాయిసీ యను నాంగ్లవైద్యుడు వ్రాసియుంచెను. ఆ యుక్కు పారసీకదేశమునకు పోయి ఖడ్గములైనది. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమును కలసి కరీంనగర్, ఆదిలాబాదు, నిజామాబాదు, వరంగల్లు జిల్లాలలో ఈ చిట్టెపు స్థలములను పల్లెపల్లెకు తిరిగి నమోదుచేసినవి. మానవునికి పూర్వమైన యుగములకును ఇచట సాక్ష్యము కలదు. ప్రాణహితా గోదావరీ లోయలో దొరకిన బరపాసారస్ అను రాక్షసబల్లి అస్థిపంజరము కలకత్తాలోని భారత గణాంకసంస్థ మ్యూజియమున నిలచినది. ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి పేర ప్రసిద్ధికెక్కిన కోటసారస్ హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నున్నది. పల్లె పేరును ప్రపంచశాస్త్రగ్రంథములకెక్కించిన ఆ బృహజ్జంతువు గూర్చి ఆ పల్లె పాఠశాలలో ఒక చిత్రపటమైనను వ్రేలాడవలదా?

గోదావరి దాటి ఆదిలాబాదు అడవులలో ప్రవేశించినంతనే సాక్ష్యస్వరూపమే మారును. గోండుల చరిత్ర శిలలపై గాక కంఠములయందు నిలచినది. ప్రతి గోండు వంశమునకును తరతరములుగా కట్టుబడిన ప్రధానులను గాయకులు కలరు. కులదేవతయైన పెర్సాపేనుకు పూజ జరుగునప్పుడు వారు కింగ్రీ వాయించుచు వంశముల పుట్టుకను, వలసలను, వీరుల చరితములను గానము చేయుదురు. గ్రంథాలయమున పుస్తకమున్నట్లే ప్రధానుని జ్ఞాపకమున గాథ యున్నది. ప్రధానుని కుమారుడు దానిని నేర్వనినాడు ఆ గ్రంథాలయము దగ్ధమైనట్లే.

1940లో జోడేఘాటు కొండలలో గోండు నాయకుడు కుమురం భీము నేలకొరిగెను. అడవిభూములకై గోండులు తిరుగబడుటకు కారణములేవో తెలిసికొనదలచిన నిజాం ప్రభుత్వము ఆస్ట్రియాదేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫును ఆ ప్రాంతమునకు పంపెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో మార్లవాయి పల్లెలో కాపురముండి, గోండి భాష నేర్చి, ప్రధానుల గాథలను వ్రాసికొని, పండుగలను ఛాయాచిత్రములలో నిలిపెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది. నాగరిలిపిలో గోండి వాచకములు సిద్ధమైనవి. తమ భాషయే చదువుటకు యోగ్యము గాదను లోకమున, తమ గాథలే పాఠములుగా అచ్చయి చేతికందిననాడు ఆ బాలురలో మేల్కొన్న ఆత్మవిశ్వాసము కొలతలకందనిది. చరిత్రబోధనము ఎట్లుండవలెనో చూపిన తొలి దృష్టాంతములలో మార్లవాయి పాఠశాల యొకటి. 1987లో బెట్టీ మరణింపగా ఆమెను మార్లవాయిలోనే సమాధిచేసిరి; 1995లో లండనులో గతించిన హైమెండార్ఫు అస్థికలును 2012లో ఆమె చెంతకే చేరినవి.

అయితే ఆయన తీసిన వేలకొలది ఛాయాచిత్రములును, చలనచిత్రములును, దినచర్యలును లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్యవిద్యాసంస్థలో భద్రపరచబడినవి. ఒక తరముక్రిందట వానిని చూడగోరిన ఉట్నూరు యువకునికి అది గగనకుసుమము. ఇప్పుడు ఆ చిత్రములలో పెక్కింటిని ఆ సంస్థ ఇంటర్నెట్టులో నుంచినది. చేతిలో ఫోనున్న గోండు బాలుడు ఎనుబదియేండ్లనాటి తన పల్లె దండారీ నృత్యమును చూడగలడు. ఇక్కడ మన కర్తవ్యము చూచుటతో తీరదు. విదేశీయుడు వ్రాసిన శీర్షికలో గోండు వృద్ధుడు అని మాత్రమే యున్నచోట, ఆతని మనుమడు జీవించియుండి ఆతని పేరు చెప్పగలడు. విద్యార్థులు ఆ చిత్రములను పల్లెలకు గొనిపోయి, పెద్దలకు చూపి, పేర్లను, కులదేవతల స్థలములను, పండుగలను గుర్తించి వ్రాసికొన్నచో, అజ్ఞాతులైనవారు పేరుగల పూర్వులగుదురు. వ్రాయువాడు విదేశీయుడైనను, వివరించువారు స్వదేశీయులు కావలెను.

గుంజాల కథ ఇంకను ఆశాజనకము. నార్నూరు మండలమందలి ఆ పల్లెలో గోండి భాషకు స్వంతలిపిలో వ్రాసిన ప్రతులను కొన్నికుటుంబములు దాచియుంచినవి. 2006 ప్రాంతమున ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందము వానిని లోకమునకు తెలియజేసినది. హైదరాబాదు విశ్వవిద్యాలయ పండితులు పరిశీలించిరి. అప్పటికి ఆ లిపిని చదువగల పెద్దలు అతికొద్దిమంది. వారే గురువులై పల్లెలలో పిల్లలకు అక్షరములు దిద్దించిరి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడు ప్రమాణమున చేరినది. అనగా గుంజాలలో వ్రాసిన యక్షరము ప్రపంచమందలి యే కంప్యూటరునందైనను నిలువగల యర్హత పొందినది. మూలప్రతి పల్లెలోనే యుండి, దాని ప్రతిబింబము లోకమంతట వ్యాపించుట, రక్షణకును ప్రచారమునకును గల విరోధమును పరిహరించిన మార్గము.

2016లో జోడేఘాటులో కుమురం భీము పేర స్మారకచిహ్నమును, గిరిజన మ్యూజియమును ఆరంభమైనవి. గోండులు, కొలాములు, ప్రధానులు, తోటీలు ధరించిన ఆభరణములు, వాడిన పనిముట్లు, వాద్యములు, కొలిచిన దేవతల రూపములు అచట గలవు. పోరు జరిగిన కొండపైననే దాని స్మృతి నిలచుట సముచితము. కాని భీము పోరాటమునకు సాక్ష్యము మ్యూజియమునందే గాక నిజాం ప్రభుత్వపు దస్త్రములయందును, హైమెండార్ఫు నివేదికలయందును, పల్లెపాటలయందును కలదు. ఈ మూడును ఒకేరీతిగా మాటలాడవు. అట్లే 1981 ఏప్రిలు 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో పోలీసుకాల్పులకు బలియైన గోండుల సంఖ్యయందు ప్రభుత్వపు లెక్కకును ప్రజల లెక్కకును నేటికిని పొంతన లేదు. అట్టి భేదమును కప్పిపుచ్చక విద్యార్థులయెదుట నుంచి, ఏ లెక్కను ఎవరు, ఎప్పుడు, ఏ ప్రయోజనమునకై వ్రాసిరో విచారింపజేయుటయే నిజమైన చరిత్రశిక్షణము.

దస్త్రములకు నిలయము హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారము. షాజహాను, ఔరంగజేబుల దక్కను పాలననాటి లక్షకు మించిన మొగలు పత్రములు మొదలుకొని ఆసఫ్‌జాహీ పాలన ముగియువఱకు గల కాగితములు అచట కలవు. మొదటివి ఫారసీ, తరువాతివి ఉర్దూ. ఈ రెండు భాషలును నేర్వని తెలుగువానికి తన తాత భూమిశిస్తు చరిత్రయే మూసిన తలుపు. కావున జిల్లాకు పదిమందియైనను ఉర్దూ దస్త్రములను చదువగల యువకులను తయారుచేయుట యత్యవసరము. వెదకువారికి ఇంకొక మెలకువ కావలెను. 1905కు పూర్వపు కాగితములలో కరీంనగర్ జిల్లా యని వెదకినచో ఫలము స్వల్పము. అప్పటి ముఖ్యస్థానము ఎలగందల, జిల్లాకును అదియే పేరు. అట్లే ఆదిలాబాదు నాడు సిర్పూరు తాండూరు పేర నుండెను. పేరు మారిన వత్సరమును తెలిసినవానికి దస్త్రము దొరకును. తెలియనివాడు అది లేనేలేదని భ్రమపడును.

ఇంటర్నెట్టువలన ఈనాడు లభించిన సౌకర్యము అపారము. జాతీయ అభిలేఖాగారము తన కాగితములను అభిలేఖ్ పటల్ ద్వారా చూపుచున్నది. 1926లో సురవరము ప్రతాపరెడ్డి నెలకొల్పిన గోలకొండ పత్రిక పాతసంచికలను ప్రెస్ అకాడమీ అందుబాటులోనికి తెచ్చినది. 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభను గూర్చి ఆ దినములనాటి పలుకులలోనే చదువవచ్చును. శాసనసంపుటములు, జనాభా లెక్కలు, గెజిటీరులు గ్రంథాలయమునకు పోలేని పల్లె ఉపాధ్యాయునికిని అందుచున్నవి. కాని తెరపై గనబడునదెల్ల ప్రమాణము గాదు. మూలము చెప్పని చిత్రము, సంవత్సరము లేని కథనము, ఒకరిది చూచి వేరొకరు వ్రాసిన వాక్యము అచట కోకొల్లలు. తెర మూలమునొద్దకు దారి చూపవలెను గాని మూలమునకు బదులుగా నిలువరాదు. బొమ్మలగుట్ట శాసనపు చిత్రమును తెరపై చూచినవాడు ఆ కొండనెక్కి ఆ యక్షరములపై వ్రేలుంచినప్పుడు మాత్రమే, ఉలి యెంత లోతునకు దిగెనో, ఆ పని యెన్నిదినముల శ్రమయో ఊహింపగలడు.

కర్తవ్యము స్పష్టము. ప్రతి ఉన్నతపాఠశాలయు తన చుట్టునున్న పదిమైళ్లలోని శాసనములు, దిబ్బలు, కోటలు, చిట్టెపు గుట్టలు, గాథలు తెలిసిన పెద్దలు, వీనికొక పట్టికను తయారుచేసికొనవలెను. ఏటేట విద్యార్థులు దానిని పెంచవలెను. చదివినదానిని జిల్లా మ్యూజియమున సరిచూచుకొని, సందేహములను పండితులకు వ్రాయవలెను. లక్ష్మణరాయ పరిశోధక మండలివారికి ఫోను లేదు, ఇంటర్నెట్టు లేదు, ప్రభుత్వబలము లేదు. ఐనను వారు శాసనములను వెదకి చదివి అచ్చొత్తించి మనకిచ్చిపోయిరి. సాధనములన్నియు చేతనున్న మనము ఆ కార్యమును మన పాఠశాలలలో కొనసాగింపకుండుటకు చెప్పదగిన కారణమొక్కటియు లేదు.